ఏడింటి బండి వచ్చేదాకా

మధ్యాహ్నం మూడున్నరకు మా అత్త దండెం మీది బట్టలు తీసేసింది. అవి ఇంకా ఆరలేదు. గాలికి పంచె ఒకటి పొంగి నిలబడితే చూడలేక తీసిందని నాకు తెలుసు. ఆరేసిన బట్టల్లో గాలి బలం చూడడం ఆమెకు నేర్పింది మా మామే. ఆ శనివారం ఆయన తూత్తుకుడి సముద్రంలో ఉన్నారు.

మామ, అంటే నా భర్త తండ్రి, సర్కారు నౌకాదళంలో చిన్న అధికారిగా పనిచేసి రిటైరై కోవిల్‌పట్టికి తిరిగివచ్చారు. మాది నల్లరేగడి నేల. పత్తి అయినా సజ్జ అయినా వాన మీదే. ఆ నేల మీద ఆయనకు ఊపిరాడేది కాదు. తూత్తుకుడిలో ఒక జాలరి దగ్గర చిన్న పడవ ఉంచుకున్నారు. తెరచాపను మాత్రం ఎలుకలు కొడతాయని ఇంట్లోనే దాచేవారు. శనివారం పొద్దున్నే దాన్ని మడిచి భుజాన వేసుకుని రైలెక్కి, సాయంత్రం ఏడింటి బండికి దిగేవారు.

"ఏం పెద్దాయనా, సముద్రానికి దుప్పటి కప్పేదానికి పోతా ఉండారా?" అని స్టేషన్ దగ్గర జట్కావాళ్ళు నవ్వేవారు.

"ఆమా," అని ఒప్పుకుని, "దానికి శానా చలి," అనేవారు.

ఆ ఏడు మాకు వానకాలమైన ఐప్పసి నెల సగం గడిచినా వాన రాలేదు. వాన ఎగ్గొడితే మా వీధి ఆడవాళ్ళు కుండ పట్టుకుని ఇంటింటా ఉప్పులేని పలచటి కూడు పోయించుకునేవారు. అంతా కలిపి, వీధి చివర కూర్చుని తిని, వాన రమ్మని గొంతెత్తి ఏడ్చేవారు. దాన్ని వానకూడు అనేవారు. ఒక్క ఇల్లు తప్పినా ఆ ఏడుపు చెల్లదని నమ్మకం. ఆ సాయంత్రం మా ఇల్లే చివరిది.

కుండ పట్టుకున్న పెద్దావిడ మామకు అక్క వరస.

"పొయ్యవే మరదలా, పొద్దు పోతా ఉంది."

అత్త గిన్నెతో గడప లోపలే నిలబడింది. "ఇప్పుడు వద్దు వదినా. ఆయన ఇంకా రాలేదు."

"ఆయన వచ్చి పొయ్యాల్నా? నీ చేతికి ఏమొచ్చింది?"

"సముద్రంలో ఉండారు వదినా. ఇప్పుడు వాన రమ్మని నేను ఎట్ల పొయ్యేది?"

వెనకనుంచి ఒక చిన్నకోడలు, "సముద్రానికి వాన ఎందుకు, పెద్దాయన్నే ఈ పక్కకి తోలెయ్యమను," అంది.

పెద్దావిడ ఆగ్నేయం వైపు, సముద్రం దిక్కు చూసింది. అక్కడ మబ్బు నల్లబడుతోంది. ఇంకో రోజైతే ఆ మబ్బు చూసి వీధంతా సంతోషించేది. ఆమె కుండను మా తిన్నె మీద దించి పక్కన కూర్చుంది.

"శరి. ఏడింటి బండి చూస్తాము."

మిగతావాళ్ళూ కూర్చున్నారు. నేను దీపం వెలిగించాను. అత్త గిన్నె కింద పెట్టలేదు. కూడు చల్లారి పైన పొర కట్టింది. గాలి ఇంకా పెరిగింది. బండి కూత వినిపించాక, స్టేషన్‌నుంచి జట్కాలు ఒక్కొక్కటే మా ముందునుంచి వెళ్ళిపోయాయి. ఏదీ ఆగలేదు. చివరి జట్కావాణ్ణి నేను అడిగాను, పెద్దాయన దిగలేదా అని. వాడు మా వైపు చూడకుండా గుర్రాన్ని అదిలించాడు. అత్త గోడకు చెయ్యి ఆనించింది.

తర్వాత ఆయన నడిచి వచ్చారు. భుజం మీది తెరచాపనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"తడి గుడ్డ ఎక్కించుకోనన్నాడు జట్కావాడు," అన్నారు. తిన్నె మీద అంతమందిని చూసి, "ఏమక్కా, నా కోసమా?" అన్నారు.

"నీ కోసమా! మా వాన కోసము," అంది పెద్దావిడ.

అత్త వంగి కూడు పోసింది. కొంత తిన్నె మీద ఒలికింది.

వాన ఆ రాత్రి పడలేదు, తర్వాతి వారం పడింది. మామ సముద్రానికి వెళ్ళడం మానలేదు. మానమని అత్త అడగనూ లేదు. ఎందుకడగలేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అప్పటినుంచి వానకూడుకు వచ్చినవాళ్ళు మా గడపలో ముందు ఒక మాట అడిగేవారు: "పెద్దాయన ఇంట్లో ఉండారా?" ఉంటే ఆయనే లోపలినుంచి, "ఉండాను, పోయించుకోండి," అని కేకేసేవారు. లేకపోతే వాళ్ళు కూర్చునేవారు.

నా భర్త విరుదునగరంలో ఒక పత్తి కొట్టులో పనిచేసేవారు. ఆ ఊరిని పెద్దవాళ్ళు ఇంకా విరుదుపట్టి అనేవారు. ఉబ్బసం పట్టుకుని ముదిరాక మామను అక్కడికి తీసుకెళ్ళాం. ఆయన పడుకున్న గదికి కిటికీ లేదు. గాలి ఎట్ల ఉందని రోజూ అడిగేవారు. నేను బయటికి వెళ్ళి ఎదురింటి దండెం చూసి వచ్చి చెప్పేదాన్ని. ఒకరోజు బట్టలు కదలడం లేదన్నాను.

"అయితే ఈ పొద్దు సముద్రానికి ఎవరూ పోలేరులే," అన్నారు.

వానకాలం రాకముందే పోయారు. అత్తా నేనూ కోవిల్‌పట్టి ఇంటికి తిరిగివచ్చాం.

ఆ ఏడు కూడా వాన ఆలస్యమైంది. ఆడవాళ్ళు కుండతో వచ్చారు. అత్త గిన్నె తెచ్చి గడప దగ్గర కాసేపు ఆగింది. పెద్దావిడ కుండ ముందుకు జరిపింది. అత్త పోసింది.

ఇప్పుడు మా గడపలో ఆ మాట ఎవరూ అడగరు.