సార్ ఈల

ఫిల్మ్ స్కూల్లో శబ్దాలు కలిపే మాస్టారిని పిల్లలు చాటుగా 'పాముచెవులు' అనేవారు. చీమ చిటుక్కుమన్నా పట్టేస్తాడని. పేరు తెలిసినా ఆయన కోప్పడలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు. ఇరవై ఆరేళ్లుగా ఆయన విని సరేనంటే తప్ప ఆ బడి నుంచి ఒక్క సినిమా గడప దాటలేదు మరి.

ఆ ఉదయం ఆఖరి సంవత్సరం అమ్మాయి తన సినిమా తెచ్చింది. అక్కాచెల్లెళ్లు అద్దె ఇల్లు ఖాళీ చేసే కథ. మధ్యాహ్నం పరీక్షకులు చూస్తారు. మాటలు ఒక పొర, అడుగుల చప్పుడు ఒక పొర, ఖాళీ గది హోరు ఇంకో పొర. మాస్టారు మాటలను పైకి తెచ్చి, అడుగులను తగ్గించి, హోరును వాటి కింద దుప్పటిలా పరిచాడు. అంతా అమిరింది. తెర మీద అట్టడుగున ఇంకో పొర కనిపించింది. దాని పేరు 'సార్ ఈల'.

"ఇదేంటమ్మా?"

అమ్మాయి సిగ్గుపడింది. "మీదే సార్. మూడేళ్లుగా మీరు కలిపిన ప్రతి సినిమాలోనూ సన్నగా ఈల వినపడుతుంది కదా. అది మీ సంతకం అని సీనియర్లు చెప్పారు. అందుకే ముందే వేసుకొచ్చా. ఇంకొంచెం పెంచాలా?"

మాస్టారు మిగతావన్నీ ఆపి ఆ ఒక్క పొరనే వదిలాడు. ఏమీ లేదు. శబ్దం కొలిచే మీటరు మాత్రం ఎగురుతోంది. పెంచాడు. పూర్తిగా పెంచాడు. అమ్మాయి చెవులు మూసుకుంది.

ఆయనకు విషయం అర్థమైంది. ఏ పాత ఏసీ కూతో మూడేళ్లుగా పిల్లల సినిమాల్లోకి జొరబడుతుంటే, 'శుభ్రంగా ఉంది' అని పంపించాడన్నమాట. ఈ వెర్రి పిల్లలేమో దాన్ని తప్పనుకోలేదు, గొప్పనుకున్నారు. ఇప్పుడు 'అవును, నాదే' అంటే చాలు, పేరూ కుర్చీ రెండూ దక్కుతాయి. ఈ పిల్ల సినిమా మాత్రం పరీక్షకుల ముందు ఈల వేస్తుంది.

"అది తీసెయ్, తల్లీ."

"బాగాలేదా సార్?"

 మాస్టారికి భయం వేసింది, సిగ్గు కూడా వేసింది.

"బాగుందో లేదో తెలీదు. నాకది వినపడట్లేదు."

అమ్మాయి తెల్లబోయి చూసింది. మాస్టారు లేచి, ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి పక్కన నిలబడ్డాడు.

"మిగతా పొరలు కూడా ఒక్కొక్కటే మొదటినుంచి విను. నాకు ఇంకా ఏమేం వినపడలేదో చెప్పు."