సరిహద్దు అవతలి చిరునామా

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. సంతలో తూకం రాయిని చేత్తో ఎత్తి చూడందే చింతపండు కూడా కొనను. అలాంటిదాన్ని, ముక్కూ మొహం తెలియని జనానికి ఫోన్లో చీరలు అమ్మే కొట్టు పెట్టాను.

మాది కొంటా, బస్తర్ కొసన ఆంధ్రా సరిహద్దు ఊరు. జగదల్‌పూర్ దగ్గరి ఊళ్లలో నేసే పాటా అనే ముతక నూలు చీరలు తెచ్చి, వాటికి తగిన జాకెట్లు కుట్టి, మా సొంత బ్రాండు పేరుతో ముందుగదిలో అమ్మేదాన్ని. హైవే మీద లారీలు ఆగుతాయి గానీ లారీవాళ్లు చీరలు కొనరు. ఆన్‌లైన్‌లో కూడా నడవకపోతే ఆ గదిలో సిమెంటు బస్తాలు వేసుకుంటానని మా ఆయన ముందే చెప్పేశాడు.

వెబ్‌సైట్ చేయడానికి ఒక అమ్మాయి దొరికింది. వాళ్ల నాన్నది ఆంధ్రా, గనుల్లో ఉద్యోగం. ఆమె మాత్రం ఇక్కడే బస్తర్‌లో, కిరండూల్ కంపెనీ క్వార్టర్లలోనే పుట్టి పెరిగింది. పని మొదలుపెట్టిన రోజే ఫోన్ చేసి ఓటీపీ అడిగింది.

"ఎవ్వరికీ చెప్పొద్దని అందులోనే రాసుంటే నీకెందుకు చెప్పాలె?" అన్నాను.

పాపం, బస్సెక్కి కొంటా వచ్చింది. ఆమె టైపు చేస్తుంటే నేను పక్కనే కుర్చీ వేసుకుని వేళ్ల వంకే చూస్తూ కూర్చున్నాను. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ నేనే నొక్కాను. 'అడవి బిడ్డల చేతినేత' అని ఆమె రాస్తే కొట్టేయించాను. మాకు నేసేవాళ్లు మోటార్‌సైకిళ్ల మీద తిరుగుతారు, వాళ్లు చదివితే నవ్విపోతారు. చివరికి 'బస్తర్ నుంచి నేరుగా మీ ఇంటికి' అన్న మాట మిగిలింది. అది నాకూ నచ్చింది.

కానీ కొరియర్ మనిషి కొంటా రానన్నాడు. సరిహద్దు దాటి ఆంధ్రాలోని చింతూరు తెచ్చి ఇస్తే తీసుకుంటానన్నాడు. అక్కడ తెలిసినవాళ్ల మందుల షాపునే మా చిరునామాగా ఇచ్చాం.

మొదటి ఆర్డరు రాయ్‌పూర్ నుంచి వచ్చింది. ఆల్ చెట్టు వేరు రంగుతో అద్దిన ముదురెరుపు అంచు చీర, అద్దకంలో వాడిన ఆముదం వాసన ఇంకా వదలనిది. వాపసు చేస్తే వేరే చీర మార్చి పంపుతారేమోనని అంచు లోపల ఆకుపచ్చ దారంతో ఒక కుట్టు వేసి మరీ పంపాను.

పార్సిల్ చేరాక ఆ కొన్నావిడ ఫోన్ చేసింది. బస్తర్ నుంచి నేరుగా అన్నారు, కవరు మీద ఆంధ్రా ఎందుకుందని హిందీలో నిలదీసింది. నా హిందీలో కూడా తెలుగు వినిపిస్తోందట. తను జగదల్‌పూర్‌లో పుట్టిందట, అక్కడ పెళ్లికి కట్టుకోవాలనే తెప్పించిందట. నిజంగా బస్తర్ దానివైతే అక్కడి భాష హల్బీలో మాట్లాడమంది.

మా వైపు హల్బీ ఎవరికి వచ్చు? మేం మా చుట్టూ ఆదివాసులు మాట్లాడే దోర్లీ వింటూ పెరిగాం. కొంచెం గర్వంగానే దోర్లీలో రెండు ముక్కలు మాట్లాడాను.

"ఇది తెలుగే కదా," అంది ఆవిడ.

ఒళ్లు మండిపోయింది. దోర్లీలో మా తెలుగు మాటలు చాలానే కలిసి ఉంటాయి, నిజమే. జగదల్‌పూర్ చెవికి రెండూ ఒకటే. భద్రాచలం వెళితే మమ్మల్ని ఛత్తీస్‌గఢ్ వాళ్లంటారు, జగదల్‌పూర్ వెళితే ఆంధ్రా వాళ్లంటారు. అందరినీ అనుమానించే నన్ను, నా ఊరి గురించే ఒకరు అనుమానించడం తట్టుకోలేకపోయాను. ఫోన్ పెట్టేశాను.

చీర వాపసు వచ్చింది. చింతూరులో మందుల షాపు బల్ల మీదే విప్పి చూశాను. ఆకుపచ్చ కుట్టు ఉంది, చీర నాదే. కానీ ఆముదం వాసన మీద సెంటు వాసన. మడతలు వేరు. కుచ్చిళ్ల దగ్గర పసుపు చేతి మరక.

పెళ్లికి కట్టింది! పాటాను చూడగానే పోల్చగల జగదల్‌పూర్ ముసలమ్మలందరి ముందూ కట్టుకు తిరిగింది. అది అసలైన పాటా అని తెలియకపోతే ఆ పని చేయగలదా? ఆమె చీరను నమ్మింది. నమ్మనిది నన్నే.

ఆ మరక ఫొటో తీసి సైట్లో పెడదాం అక్కా అంది కిరండూల్ అమ్మాయి. వద్దన్నాను. 'నేరుగా' అన్న మాట తీసేసి నేను చెప్పింది రాయమన్నాను: మాది కొంటా. తెలుగు మాట్లాడతాం. పార్సిల్ ఆంధ్రా నుంచి వస్తుంది. చీర బస్తర్‌ది, మేమూ బస్తర్ వాళ్లమే.

ఇది చదివాక ఎవరు కొంటారని మా ఆయన గది కొలతలు చూసుకుంటున్నాడు. ఆ అమ్మాయి మాత్రం టైపు చేస్తూ చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది.

"ఈ 'మేము'లో నేనూ ఉన్నానా అక్కా?" అంది.

"లేకపోతే ఏంది?" అన్నాను.

అప్పుడే ఓటీపీ వచ్చింది. ఫోన్ ఆమె చేతికిచ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.