సబ్బు నీళ్ళు తాగిన మోటారు

మరగతం అక్క చుట్టిన మోటారు కాయిల్స్ కాలిపోతున్నాయని, పీళమేడులోని పంపుల వర్క్‌షాపు యజమాని పన్నెండేళ్ళ పనిలోంచి ఆమెను ఒక్క పూటలో తీసేశాడు. నాసిరకం తీగ కొన్నది ఫోర్‌మన్. అక్కడ అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు. పిరికివాళ్ళ ఊరని నేను చాలాకాలం తిట్టుకున్నాను. తర్వాత నా వంతు వచ్చింది.

ఆ పని పోయాక అక్క సింగానల్లూరు వీధుల్లో సంచి పట్టుకుని ఇళ్ళ మోటార్లు బాగుచేసేది. మా కాంపౌండులో అయిదు కాపురాలకూ మోటారు ఒక్కటే. నెల కిందటే దానికి కొత్త తీగ చుట్టింది.

ఆయుధపూజ నాడు అన్నీ కడగాలి కదా. మోటారుకు కూడా సబ్బుపొడి రుద్ది, బకెట్ నీళ్ళు కుమ్మరించి, విభూతి పూసి, బొట్టు పెట్టి స్విచ్ వేశాను. ఒక మూలుగు, ఆ వెంటనే పొగ.

ఇంటి ఓనరు చెన్నియప్పన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశావురా?"

"నేనేం చేశాను? మరగతం అక్క చుట్టిందే. నెల కూడా ఆగలేదు." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

"వర్క్‌షాపువాళ్ళు ఊరికే తరిమారా? ఇక ఈ వీధిలో ఎవరింట్లోనూ ఆమెను చెయ్యి పెట్టనివ్వను."

చెడగొట్టినామే బాగుచెయ్యాలని ఓనరు కబురు పెట్టాడు. కానీ అక్క పనిముట్లు పూజలో ఉన్నాయి, తెల్లారేదాకా ముట్టదు. ఆ రోజంతా అందరం వీధి కుళాయి నుంచి బిందెలు మోశాం. ఆడవాళ్ళు దారి పొడుగునా ఆమెనే తిట్టారు. నన్ను ఒక్కరూ ఏమీ అనలేదు.

విజయదశమి పొద్దున్నే అక్క వచ్చింది. చేతిలోని పానాకు పూజ కుంకుమ ఇంకా అంటుకునే ఉంది.

"ఈ ఏడాది మొదటి పని మీ ఇంట్లోనే, ఓనరన్నా!"

"ఆఖరిదీ ఇదే," అన్నాడు చెన్నియప్పన్.

అక్క మోటారు పక్కన చతికిలబడింది. నట్లు విప్పి మూత తీసింది. లోపలినుంచి నురగతో నీళ్ళు కారాయి. వేలితో తీసి వాసన చూసింది. నా వైపు చూసింది. విప్పిన నట్లను ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తూ కూర్చుంది.

"నీళ్ళు పోసి కడిగింది నేనే," అన్నాను. "అక్క పనిలో ఏ తప్పూ లేదు."

"అన్నేసి పుస్తకాలు చదివేది ఇందుకేనా, వెధవా!" అని ఓనరు అరిచాడు.

"మోటారుకి తలంటు పోశాడమ్మా!" అంది బిందె పట్టుకున్న ఒకామె.

"సాంబ్రాణి పొగ కూడా వేశాడుగా!" ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు.

అక్క మళ్ళీ తీగ చుట్టింది, మర్నాటికి ట్యాంకు నిండింది. వీధిలోని మోటార్లన్నీ ఆమె చేతిలోనే ఉండిపోయాయి. ఆ నట్లు తుడిచినంతసేపు ఆమె నాకోసం ఆగింది. అంత సమయం నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

కిందటేడు ఆయుధపూజ ముందురోజు బజారులో అక్క కనిపించింది. చంకలో పూజకు కొన్న బొరుగుల సంచి.

"ఆ రోజు నువ్వే ఎందుకు చెప్పలేదక్కా?"

"నాకోసం ఒక్కడన్నా నోరు విప్పుతాడేమోనని చూశా, తంబీ. విప్పావు." గుప్పెడు బొరుగులు నా చేతిలో పోసింది. "రేపు మాత్రం పొడిగుడ్డతో తుడువు."