త్వేర్ లేని పటం

సౌదీలోని అల్ ఖోబార్‌లో, అల్ అజీజియా వైపు ఒక చిన్న ఇండియన్ స్కూలు ఉంది. అక్కడ ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లుగా చరిత్ర చెబుతున్న చాముండేశ్వరి మేడమ్‌కు మాస్కో కథంటే ప్రాణం. సిలబస్‌లో ఉన్నా లేకపోయినా చెప్పి తీరాల్సిందే. అడవి మధ్య చిన్న ఊరు చుట్టుపక్కల రాజ్యాలన్నీ కలుపుకుని రష్యా ఎలా అయిందో ఆవిడ చెబుతుంటే అల్లరి పిల్లలు కూడా కిక్కురుమనరు.

బొమ్మ గీయడం మాత్రం, పాపం, ఆవిడకు చేతకాదు. ఏటా పటం గీసిపెట్టేది జూనియర్ టీచరు హసీనా, కర్నూలు పిల్ల. తొమ్మిదేళ్లు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పేపర్లు దిద్దారు, ఒకరి క్యారేజీలో ఒకరు తిన్నారు.

ఆ పాఠంలో మేడమ్‌కు బాగా నచ్చిన మనిషి మాస్కో రాజు ఇవాన్ కలితా. పొరుగున ఉన్న త్వేర్ నగరం మంగోలు ఖాన్ మీద తిరగబడితే, ఈయన ఖాన్ సైన్యంతో కలిసి వెళ్లి ఆ ఊరిని నేలమట్టం చేయించాడు. ఖాన్ మెచ్చి రష్యా రాజులందరి మీద పెద్దరికం కట్టబెట్టాడు. “అదీ తెలివంటే!” అనేది మేడమ్.

పోయిన వేసవిలో యాజమాన్యం చరిత్రకు ఒక్క టీచరే చాలంది. హసీనా మీద రిపోర్టు రాసిమ్మని గుట్టుగా మేడమ్‌నే అడిగింది. మేడమ్‌కు భర్త లేడు. ఇకామా, అంటే అక్కడ ఉండడానికి అనుమతి, స్కూలు పేరు మీదే ఉంది, ఉద్యోగం పోతే దేశం వదలాల్సిందే. ఆ భయంతో ‘క్లాసును అదుపులో పెట్టలేదు’ అని రాసేసింది. పచ్చి అబద్ధం! హసీనా వెళ్లిపోయేరోజు ఏడిస్తే ఓదార్చింది కూడా ఈవిడే.

ఈ ఏడు పటం తానే గీసుకుంది. వెనక బెంచీ నుంచి చరిత అనే పిల్ల లేచింది.

“మేడమ్, త్వేర్ ఏదండీ? మీరు పెట్టలేదు.”

నిజమే, పెట్టలేదు. మార్కర్ తీసుకుని చుక్క పెట్టబోయి, హసీనా గుర్తొచ్చి ఆగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయింది.

మధ్యాహ్నం కర్నూలుకు ఫోన్ చేసింది.

“హసీనా, నీ మీద రిపోర్టు రాసింది నేనే తల్లీ. నా పొట్ట కోసం నీ నోటి దగ్గర కూడు లాగేశాను.”



“తెల్సక్కా. సంతకం పెట్టించుకునేటప్పుడు ఆ కాగితం చూపించినారు. తొమ్మిదేండ్లు పక్కన కూచున్నా, నీ రాత నాకు తెలీదా?”

“మరి అడగలేదేమే?”

“ఏమని అడిగేది? నువ్వు ఓదారుస్తా ఉంటే ఇంకా ఏడుపొచ్చె.” హసీనా మాట మార్చింది. “మాస్కో పాఠం వచ్చుంటాది కదా. పటం ఎవరు గీసినారు?”

“నేనే గీశానే.”

“త్వేర్ పెట్టినావా అక్కా?”

“లేదు తల్లీ,” అని మేడమ్ మార్కర్ కోసం వెతుక్కుంది.