తలుపుల్లేని బీరువా

ఆ టైలరు షాపులో కుట్టేది చెల్లెలు. కొలతలు తీసేది, వచ్చినవాళ్లతో మాట్లాడేది అక్క. చెల్లెలి పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. చిరిగిన కోటు ఆమె చేతికిస్తే, ఎక్కడ చిరిగిందో తర్వాత ఇచ్చినవాడే వెతుక్కోవాలి. బుర్ర సంగతే వేరు. ఒళ్లో కత్తెర పెట్టుకుని కత్తెర కోసం షాపంతా గాలించేది. టీ పెట్టి, తాగడం మరిచి, ఇంకో టీ పెట్టేది. షాపు తాళంచెవి ఆమె చేతికివ్వడం అక్క ఏనాడో మానేసింది. వీధి వీధంతా ఆమెను పరాకమ్మ అని నవ్వేది. ఆమె కూడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది పాపం!

బడి నాటకానికి ఒక పిల్ల వేసుకోవాల్సిన గౌను కుట్టకుండా బీరువాలోనే ఉండిపోయిన రోజున ఆ నవ్వు ఆగిపోయింది. పిల్ల ఏడుస్తూ వెళ్లింది.

"ఇంకొక్కసారి ఇలా జరిగితే నీ మిషను మీద వేరేవాళ్లని కూర్చోబెడతానే" అంది అక్క. గట్టిగా అరిచినా బాగుండేది, మెల్లగా అంది. లోకం మొత్తం మీద పరాకమ్మకు మంచిపేరున్న చోటు ఆ మిషనొక్కటే.

అప్పుడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఇది ఏడీహెచ్‌డీ అనే ధ్యాస నిలవని లోపంలో ఒక రకమనీ, కాలుగాలిన పిల్లిలా తిరిగే రకం కాకుండా, కూర్చున్నచోటే మనసు జారిపోయే రకమనీ, బద్ధకం కానే కాదనీ ఆవిడ చెప్పింది. ఇన్నేళ్లూ తిట్లు తిన్న మనిషి ఆ మాటకు కుర్చీలోనే భోరుమంది. ఆవిడ మందు రాసిచ్చి, మందొక్కటే చాలదంది.

"కంటికి కనపడనిది మీ బుర్రలో నిలవదమ్మా. షాపు మీకు పనికొచ్చేలా సర్దుకోండి."

అసలు చిక్కంతా అక్కడే ఉంది. అక్క సర్దుడు చూడముచ్చటగా ఉంటుంది: మడత మీద మడత, పైన తలుపు. చెల్లెలికని కొన్న డైరీ అన్నిటికన్నా ముందు పోయింది. తలుపు మూశారంటే చాలు, లోపలి బట్ట పరాకమ్మ లెక్కలో లేనట్టే.

అక్క దారాలు కొనడానికి వెళ్లిన పూట పరాకమ్మ స్క్రూడ్రైవరు పట్టుకుని బీరువా తలుపులు ఊడదీసేసింది. మిషనుకు ఎదురుగా తీగ కట్టి, కుట్టాల్సిన వరసలో క్లిప్పుకొక బట్ట తగిలించింది. తిరిగొచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయి, ఇది షాపా దండెమా అని రుసరుసలాడింది. చెల్లెలు మొదటిసారి ఎదురు చెప్పింది. నెల్లాళ్లు ఓపిక పట్టమంది, ఆ తర్వాత అక్క ఇష్టమంది.

నెల బాగానే గడిచింది. చివర్లో ఒక నర్సమ్మ, చనిపోయిన తన తండ్రి కోటు తెచ్చి కొడుకు కొలతకు తగ్గించమంది. కొడుక్కి ఇంటర్వ్యూ ఉంది, మర్నాడు సాయంత్రానికల్లా కావాలి. కోటు తీగకెక్కింది.

మర్నాడు పరాకమ్మ భోజనానికి వెళ్లినప్పుడు అక్క చెయ్యి ఊరుకోలేదు. ఎవరో పెద్దమనిషి కొలతలకు వస్తున్నాడు, పాత కోటు వేలాడుతుంటే ఏం బాగుంటుందని దాన్ని మడిచి కౌంటరు సొరుగులో పెట్టింది. పెట్టి మరిచిపోయింది. అవును, అక్కే!

పరాకమ్మ వచ్చి మిషను ముందు కూర్చుంది. ఇదివరకైతే అంతే సంగతులు. కానీ ఎదురుగా తీగ మీద ఒక క్లిప్పు ఖాళీగా ఉంది. అక్కడేం ఉండాలో చప్పున గుర్తుకు రాలేదు. ఏదో ఉండాలని మాత్రం తెలిసింది. బీరువా, బల్ల, బుట్ట అన్నీ వెతికి, చివరికి సొరుగు లాగింది. కోటు అందులో ఉంది. మిషను మీదకు వంచిన తల మళ్లీ ఎత్తలేదు.

నర్సమ్మ వచ్చేసరికి కోటు ఇస్త్రీతో సహా సిద్ధం. ఆవిడ కాలరు నిమిరి, కళ్లు తుడుచుకుని, కోటు గుండెలకు హత్తుకుని వెళ్లింది.

అక్క సొరుగు మూసి మిషను దగ్గరికి వచ్చింది.

"సొరుగులో పెట్టింది నేనేనే."

"తెలుసక్కా. అంత నీటుగా మడిచేవాళ్లు ఇంకెవరున్నారు?"

అక్క నవ్వబోయింది, నవ్వు రాలేదు. సంచిలోంచి తాళంచెవి తీసి, ఆ ఖాళీ క్లిప్పుకు తగిలించింది.

"కనపడుతోందిగా" అంది. "ఇవాళ షాపు నువ్వే మూసి రా."