దూదిలో మల్లెపూలు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. మదనపల్లెలో కుప్పం బస్సెక్కి ఒక ముసలి సాయిబు పక్కన కూర్చున్నాను. సీటు కింద నుంచి పచ్చితోళ్ల కంపు వస్తోంది. కర్చీపు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అందరికీ వినబడేలా అన్నాను:

"ఏం సాయిబూ, తోళ్ల మూట బస్సులోకి తెస్తారా?"

"తప్పయిందప్పా" అన్నాడాయన. చెవిలో పెట్టుకున్న దూది తీసి నా చేతికిచ్చాడు. "కర్చీపులో పెట్టుకోండి. మల్లె అత్తరు. దినామూ పెట్టుకునేదే, గాటుండదు."

సీటులోంచి లేచి, పుంగనూరు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు. అక్కడ ఉత్త చేతులతో దిగిపోయాడు.

కంపు మాత్రం పోలేదు. వెనక సీటులోని రైతు వంగి, నా కాళ్ల దగ్గరి మూటను తనవైపు లాక్కున్నాడు.

"నాదేనప్పా. కరువుకు గొర్రెలు సచ్చిపోయినాయి. తోళ్లయినా అమ్ముకుందామని కుప్పం పోతాండాను. దింపేస్తారేమోనని నోరు మెదపలేదు."

"నీదని ఆయనకు తెలుసా?"

"తెలీకేం? మూట ఎక్కించేటప్పుడు ఒక చెయ్యేసింది ఆయప్పే."

కుప్పం దాకా ఆ కంపులోనే కూర్చున్నాను. అత్తరు దూది పెట్టిన కర్చీపు మడిచి జేబులో పెట్టేశాను. మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకోవడానికి చెయ్యి రాలేదు.