ముందు నీ రక్తం

ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి కూతురు వాసవి పదహారేళ్లుగా ఒకే పరిశోధనలో ఉంది. హాని చేయని ఒక వైరస్‌ను ఖాళీ చేసి, అందులో మంచి జన్యువును పెట్టి, రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్ల కాలేయానికి చేర్చాలని ఆమె ప్రయత్నం. ఆ వైరస్ ఇదివరకే సోకినవాళ్ల ఒళ్లు దాన్ని గుర్తుపట్టి అడ్డుకుంటుంది కాబట్టి వాళ్లకు ఈ మందు పనిచేయదు. అలాంటివాళ్లు ఎందరున్నారో తెలుసుకోవడానికి పులివెందుల దగ్గరి పల్లెకు రక్తనమూనాల కోసం వెళ్లింది.

చీనీ బత్తాయి తోట రైతు ఓబుళరెడ్డికి ఆ జబ్బుంది. వాచిన మోకాలు చాపుకుని ఆమె ఇచ్చిన అంగీకారపత్రం మొత్తం చదివాడు.

"ఆ వైరస్ నాకు ముందే వచ్చిండాదని తేల్తే ఏమైతాదమ్మా?"

"ఈ మందు నీకు ఇయ్యలేమన్నా."

"ఆ మాట ఇందులో యాడ రాసినారు?"

వాసవి వెతికింది. ఎక్కడా లేదు. ఆ రోజు ఎవరి రక్తమూ తీయకుండా వెనక్కి వెళ్లి, పత్రం మార్పించుకుని నెలకు మళ్లీ వచ్చింది.

ఓబుళరెడ్డి అనుమానం మాత్రం తీరలేదు. "మా రక్తంతో ఏం చేస్తాండారో మాకేం తెలుసు? ముందు నీ రక్తం తీపిచ్చుకో. నా దాంట్లో ఏం సూస్తారో నీ దాంట్లోనూ సూడండి."

ఆమె నర్సు ముందు చెయ్యి చాపింది. తర్వాత అతనూ చాపాడు.

ఫలితం చెప్పడానికి వాసవే వెళ్లింది. వైరస్ ఇద్దరికీ సోకి ఉంది.

"నీకూ సోకిండాదని నన్ను ఊరడించనీకి చెప్తాండావా?" అని అడిగాడతను. జమ్మలమడుగులో తెలిసిన డాక్టరుకు రెండు రిపోర్టులూ చూపించాకే నమ్మాడు.

అప్పటినుంచి వాసవి, తమలాంటివాళ్లకూ పనిచేసే మరో వైరస్ కోసం వెతుకుతోంది. ఇంకా దొరకలేదు.